రాని బాకీ: లెక్కలోని సత్యము



ఖమ్మము మిర్చి యార్డు మొదలుకొని కొత్తగూడెము, పాల్వంచ, సారపాకల మీదుగా గోదావరి వంతెన దాటి భద్రాచలమునకును, అచ్చటినుండి దుమ్ముగూడెము, చర్ల సంతలకును సాగు దారిలో సరకు ఎంత దూరము పోవునో, ఆ సరకును ఇచ్చిపుచ్చుకొనువారి నమ్మకమును అంత దూరము పోవుచున్నది. పట్టణములోని టోకు వర్తకుడు మండల కేంద్రములోని దుకాణదారునకు ఉద్దెర ఇచ్చును. ఆ దుకాణదారుడు గూడెములోని రైతునకు విత్తనములు, ఎరువులు, ఉప్పుపప్పులు ఉద్దెర ఇచ్చును. ఆ రైతు పత్తి ఏరిన నాడో, మిరప కల్లములో ఎండిన నాడో, తునికాకు కట్టల కూలి చేతికందిన నాడో బాకీ తీర్చెదనని మాట ఇచ్చును. కావున ఖమ్మములో ఒక వర్తకుని పుస్తకమున రావలసిన మొత్తముగా వ్రాయబడిన అంకె, నూరు కిలోమీటర్లకు ఆవల అడవి అంచున ఒక కుటుంబము పండించిన పంట మీదను, పడిన వాన మీదను నిలిచియున్నది.

ఆ అంకె ఎంతవరకు నిజమో తెలిసికొనుటయే నేటి ప్రసంగ విషయము. ధరలో మొదటనే తగ్గించి ఇచ్చినది ఎంత, ఇక రాదని తేలిపోయిన బాకీ ఎంత, వచ్చునో రాదో తెలియని బాకీ ఎంత అను మూడింటిని వేరువేరుగా వ్రాసికొనుట గుమాస్తాల పనియే కదా యని పెద్దలు దీనిని తేలికగా చూచుట కలదు. నా మనవి వేరు. రాని బాకీని వచ్చుదానివలె వ్రాసియుంచుట వలన ఇద్దరికి హాని కలుగును. ఇచ్చినవానికి అది లేని లాభమును చూపి మోసపుచ్చును; పుచ్చుకొన్నవానికి తీరని బంధనమై మెడకు చుట్టుకొనును. ఈ రెండవ హాని మన అడవి సీమలో తరతరములుగా జరిగినది గనుక, ఈ ప్రాంతమున లెక్కలు వ్రాయువానికి ఇతర ప్రాంతములవారికంటె అధికమైన బాధ్యత కలదని నా విశ్వాసము.

మొదట వర్తక డిస్కౌంటు సంగతి చెప్పెదను. మూడింటిలో సులభమైనది అదియే. పాత చిట్టాలలో ముదరా యని వ్రాయబడునది ఇదియే. ధరల పట్టీ ప్రకారము 10,000 రూపాయల సరకును, ఎక్కువ మొత్తములో కొనుచున్నాడను కారణమున, దుకాణదారునకు నూటికి 10 తగ్గించి ఇచ్చినచో, ఆ అమ్మకము 9,000 రూపాయలకే జరిగినది. తగ్గించిన 1,000 రూపాయలు ఖర్చు కాదు, నష్టము కాదు, ఏ ఖాతాలోను పద్దు పడవలసినది కాదు. బిల్లు మీద తీసివేతగా కనబడి అచ్చటనే ఆగిపోవలెను. అమ్మకము 10,000 అనియు ఖర్చు 1,000 అనియు వ్రాసినవాడు తుది లాభమును మార్చకపోయినను, తన వ్యాపారము ఉన్నదానికంటె పెద్దదని తనకు తాను చెప్పుకొన్నవాడగును. ఆ సరకులో పట్టీ ధర ప్రకారము 1,000 రూపాయల విలువగలది తిరిగి వచ్చినచో కొన్నవాని ఖాతాకు జమ చేయవలసినది 900 మాత్రమే. 2017 జులై 1 నుండి అమలులోనున్న జీఎస్టీ చట్టమును ఈ న్యాయమునే అంగీకరించి, బిల్లులో చూపిన డిస్కౌంటును మినహాయించిన విలువ మీదనే పన్ను లెక్కించుచున్నది.

నగదు డిస్కౌంటు వేరు. పది దినములలో చెల్లించినచో నూటికి 2 తగ్గింతునని చెప్పినప్పుడు, 9,000 మీద 180 రూపాయల తగ్గింపు అమ్మిన నాడు ఖాయమైనది కాదు; కొన్నవాడు గడువులోపల సొమ్ము తెచ్చి ఇచ్చిననే అది వానికి దక్కును. కనుకనే సామాన్య వర్తకుని పుస్తకమున అది చెల్లింపు జరిగిన నాడు డిస్కౌంటు ఖాతాలో పద్దు పడును. ఇచ్చట మరియొక మాట చెప్పక తప్పదు. రైతు తెచ్చిన బస్తాలను తూచిన పిమ్మట, అతని సమ్మతి లేకయే, తరుగు పేరున కొంత కోసివేసి, అది వ్యాపారపు ఆనవాయితీ యనువారు కలరు. ముందుగా ఒప్పుకొన్నదియు, కాగితము మీద కనబడునదియు డిస్కౌంటు. తూకమును ధరను చూపు తక్‌పట్టీలో కనబడక రైతు చేతికి వచ్చు సొమ్మును మాత్రమే తగ్గించునది డిస్కౌంటు కానేరదు. అట్టి కోతను ఏ పేరు పెట్టి వ్రాసినను అది న్యాయమైన లెక్క కాదు.

ఇక రాని బాకీల సంగతి. బాకీదారుడు దివాలా తీసినను, ఆస్తి లేక మరణించినను, ఊరు విడిచి ఎచ్చటికో పోయినను ఆ బాకీ రాదని వర్తకుడు గ్రహించును. మూడేండ్ల గడువు దాటుటయు అట్టి కారణమే. సరకు ధరకైనను, చేబదులుకైనను, 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము దావా వేయుటకు గల గడువు మూడేండ్లు. ఆ గడువులోపల బాకీదారుడు వ్రాతమూలముగా ఒప్పుకొన్నను, కొంత చెల్లించి సంతకము చేసినను గడువు మరల మొదలగును. ఏదియు జరుగనిచో బాకీకి కాలదోషము పట్టును. అప్పుడు రాని బాకీల ఖాతాకు డెబిట్‌గాను, బాకీదారుని ఖాతాకు క్రెడిట్‌గాను పద్దు వ్రాసి, సంవత్సరాంతమున ఆ మొత్తమును లాభనష్టాల ఖాతాకు చేర్చవలెను. ఆదాయపు పన్ను విషయమున 1989 ఏప్రిల్ 1 నుండి వచ్చిన మార్పు ప్రకారము, బాకీ నిజముగా రానిదైనట్లు నిరూపింపవలసిన పని లేక, ఆదాయముగా లెక్కకు వచ్చిన ఆ బాకీని పుస్తకమున కొట్టివేసి చూపిన చాలునని 2010లో సుప్రీంకోర్టు టీఆర్ఎఫ్ లిమిటెడ్ కేసులో స్పష్టపరచినది. జీఎస్టీలో మాత్రము అట్టి వెసులుబాటు లేదు. బాకీ రాకపోయినను కట్టిన పన్ను తిరిగి రాదు. ఉద్దెర ఇచ్చునప్పుడే ఈ భేదమును మనసున నుంచుకొనవలెను.

అయితే మన సీమలో బాకీ యొక్క మంచిచెడ్డలు నిర్ణయించునది బాకీదారుని స్థితి ఒక్కటియే కాదు, చట్టమును నిర్ణయించును. భద్రాచలము తాలూకా 1959లో ఖమ్మము జిల్లాలో చేరుటకు ముందు గోదావరి ఏజెన్సీలోని భాగము. ఏజెన్సీ ప్రాంతములకై మద్రాసు ప్రభుత్వము 1917లో చేసిన వడ్డీ, భూబదలాయింపు చట్టము కొండజాతులవారి అప్పు మీద ఏడాదికి నూటికి 24కు మించిన వడ్డీని నిషేధించినది, చక్రవడ్డీని నిషేధించినది, వడ్డీ మొత్తము అసలును మించరాదని శాసించినది. అనగా 100 రూపాయల అప్పు ఎన్ని ఏండ్లు గడచినను 200 దాటరాదు. ఆ గీతకు పైన వ్రాసిన ప్రతి రూపాయియు పుట్టుకతోనే రాని బాకీ. 1960లో షెడ్యూల్డు ప్రాంతములలో అప్పులిచ్చువారికి లైసెన్సు తప్పనిసరి చేయుచు రెగ్యులేషను వచ్చినది. 1959లో ఏర్పడి 1970లో మరింత దృఢమైన భూబదలాయింపు రెగ్యులేషను ప్రకారము ఆ ప్రాంతములలోని భూమి గిరిజనేతరుని చేతికి పోరాదు. కనుక భూమిని చూచి ఉద్దెర ఇచ్చితినని వర్తకుడు చెప్పుటలో అర్థము లేదు. అతని బాకీకి ఆధారము రైతు పంటయే గాని పొలము కాదు.

బాకీల రద్దు విషయమునను ఒక సూక్ష్మ భేదము కలదు. 1977లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ రుణ విమోచన చట్టము చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారు ప్రైవేటు వ్యక్తులకు తీర్చవలసిన అప్పులను రద్దు చేసినది. ఆ అప్పులిచ్చినవారి పుస్తకములలో ఆ మొత్తము పూర్తిగా నష్టము. 2008లో కేంద్రము ప్రకటించిన రైతు రుణమాఫీలో అట్లు గాక, బ్యాంకులకు ప్రభుత్వము సొమ్ము చెల్లించినది; ఆ బ్యాంకుల పుస్తకములలో బాకీ నశింపలేదు, బాకీదారుడు మాత్రమే మారినాడు. రెండును మాఫీలే యైనను లెక్కలో రెండింటి స్వరూపము వేరు.

ఇన్ని చట్టములు ఏల రావలసి వచ్చినవో ఆలోచించినచో, వాటి వెనుక ఒక పుస్తకము కనబడును. ఆ పుస్తకము అడవి వర్తకునిది. గోదావరి ఇరుదరుల కొండరెడ్ల జీవనమును 1940 దశకమున స్వయముగా చూచి, 1945లో వారిని గూర్చి గ్రంథము ప్రచురించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్, కలప వెదురు వర్తకులు ముందుగా ఇచ్చిన స్వల్పమైన సొమ్మునకు ఆ అమాయకులు ఎట్లు కట్టుబడి కూలి చేయుచుండిరో వర్ణించెను. వర్తకుని పుస్తకమున బాకీ ఎన్నడును తీరదు, ఎన్నడును కొట్టివేయబడదు, తండ్రి పోయిన పిమ్మట కొడుకు పేరున అది మరల మొదలగును. పైకి చూచుటకు అది రాని బాకీవలె కనబడును. నిజమునకు అది ఎన్నో మారులు వచ్చిన బాకీ. ఇప్పపువ్వుకు తక్కువ ధర కట్టినప్పుడు కొంత వచ్చినది; తేనె తూకములో కొంత వచ్చినది; తపసి జిగురు, చింతపండు, కరక్కాయలు, ముష్టిగింజలు కొన్నప్పుడు కొంత వచ్చినది; కూలి లేని పని దినములలో కొంత వచ్చినది. వచ్చినదేదియు జమ వైపు వ్రాయబడలేదు. ఖర్చు వైపు మాత్రము వడ్డీ పెరుగుచు వచ్చినది. జమ లేని పుస్తకము లెక్కల పుస్తకము కాదు, అది సంకెల.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున నెలసరి వడ్డీని చెప్పుచు, నూటికి ఒకటింబావు ధర్మబద్ధమనియు, వ్యాపారమునకు 5, అడవులలో తిరుగు వర్తకులకు 10, సముద్రముపై పోవువారికి 20 అనియు విభజించెను. అపాయము పెరిగినకొలది ప్రతిఫలము పెరుగవచ్చునని ఆ కాలమువారు ఒప్పుకొనిరి. కాని అందులో ఒక ధర్మము అంతర్గతమై యున్నది: అపాయమునకు వెల ముందే పుచ్చుకొన్నవాడు, ఆ అపాయము వచ్చిన నాడు నష్టమును భరింపవలెను. అడవి పేరు చెప్పి అధిక ధర పుచ్చుకొని, బాకీ పోయిన నాడు దానిని కొట్టివేయుటకు నిరాకరించువాడు ఒకే అపాయమునకు రెండు మారులు వెల పుచ్చుకొనుచున్నాడు.

1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయమును కొనుట, నిత్యావసరములను డిపోల ద్వారా అమ్ముట, వ్యవసాయమునకు అప్పులిచ్చుట అను మూడు పనులను చేపట్టినది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు ప్రత్యేకముగా అట్టి సంస్థయే ఏర్పడినది. కొనువాడును అప్పిచ్చువాడును ఒక్కడే అయిన చోట, అది సహకార సంస్థ యైనను ప్రైవేటు దుకాణమైనను, ఒక నియమము తప్పరాదు. ఫలసాయము యొక్క పూర్తి ధర కొనుగోలు ఖాతాలో కనబడవలెను. అందులో బాకీ కింద జమ చేసికొన్నది బాకీ ఖాతాలో విడిగా కనబడవలెను. రెండింటిని కలిపి తుది మొత్తమును మాత్రమే చేతిలో పెట్టినచో, ధర తగ్గినదో బాకీ తీరినదో తెలిసికొనుటకు ఆ గిరిజనునకు దారి ఉండదు.

ఇప్పుడు మూడవ విషయము, సంశయాత్మక బాకీల నిధి. ఈ నిధి పెట్టెలో దాచిన నగదు కాదు. రావలసిన మొత్తములో ఎంత రాకపోవచ్చునో అంచనా వేసి, ఆ మేరకు నేటి లాభమును తగ్గించి చూపుట. చేతిలో కాగితమున్న శ్రోతలు ఈ అంకెలను వ్రాసికొందురు గాక. మార్చి 31 నాటికి ఒక వర్తకునకు రావలసిన బాకీలు 5,00,000 రూపాయలు. అందులో 20,000 ఇక రాదని తేలినది. దానిని కొట్టివేయగా 4,80,000 మిగులును. ఈ మిగిలినదానిలో వరదకు దెబ్బతిన్న ఒక దుకాణదారుని బాకీ 30,000. అందులో సగము రావచ్చునని తోచినచో 15,000 ప్రత్యేకముగా కేటాయించవలెను. తక్కిన 4,50,000 మీద గత అనుభవమునుబట్టి నూటికి 5 చొప్పున 22,500. నిధి మొత్తము 37,500. నిరుటి నిధి 28,000 ఇదివరకే పుస్తకమున నున్నది గనుక, ఈ ఏడు లాభనష్టాల ఖాతాకు వ్రాయవలసినది పెరిగిన 9,500 మాత్రమే. కొట్టివేసిన 20,000తో కలిపి ఈ సంవత్సరపు భారము 29,500. ఆస్తి అప్పుల పట్టీలో బాకీలు 4,80,000 నుండి 37,500 తీసివేసి 4,42,500గా కనబడును. ఏటేట మొత్తము నిధిని ఖర్చుగా వ్రాయుట, కొట్టివేసిన బాకీ మీద మరల నిధిని లెక్కించుట అను రెండు తప్పులను ఈ క్రమము నివారించును. ఆదాయపు పన్నులో సామాన్య వర్తకునకు మినహాయింపు కొట్టివేసిన బాకీకే గాని ఈ నిధికి లేదు. అయినను నిజమైన లాభమును తెలిసికొనగోరువాడు నిధిని మానరాదు.

నూటికి 5 అను అంకె ఎచ్చటినుండి వచ్చును? పట్టణపు లెక్కలలో బాకీ వయస్సును ముప్పది దినములు, అరువది దినములు, తొంబది దినములు అని విభజించి, వయస్సు పెరిగినకొలది నిధిని పెంచుదురు. అడవి అంచున ఈ కొలత చాలదు. జూన్‌లో విత్తనములకు ఇచ్చిన ఉద్దెర పత్తి రైతు నుండి చలికాలమునకు గాని రాదు. మిరప రైతు నుండి ఫిబ్రవరి, మార్చి నెలలకు గాని రాదు. తునికాకు కోసెడి కుటుంబము నుండి మండువేసవికి గాని రాదు. అక్టోబరులో దానిని చూచి ముదిరిన బాకీ యనుట అన్యాయము. పంట అమ్ముడుపోయి, సొమ్ము చేతికి వచ్చి, మరల విత్తు సమయము రాగా కూడ చెల్లనిది సందేహింపదగినది. స్వల్పకాలిక పంట రుణములు రెండు పంట కాలములు దాటిన పిమ్మటనే నిరర్థకములని రిజర్వు బ్యాంకు నియమము. ఇతర రుణములకు తొంబది దినములు పెట్టిన ఆ సంస్థ పంట రుణములకు ఋతువును కొలతగా గ్రహించినప్పుడు, చర్ల దుకాణదారుడు గ్రహింపకుండుట ఏల?

భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులు చేరినప్పుడు మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు జారీయగును. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు పెరిగినది; 2022 జులైలో 71.3 అడుగులకు పెరిగినది. హెచ్చరిక వరదను ఆపదు; ఇల్లు విడిచి గట్టుకు చేరుటకు వ్యవధి నిచ్చును. నిధియు అట్టిదే. మొదటి హెచ్చరిక నాడే ఏయే గ్రామములలో తన బాకీలు ఎంత కలవో చూచుకొన్న వర్తకుడు, నష్టము వచ్చిన ఏట తానును దివాలా తీయకుండ నిలుచును; తాను నిలిచిన వాడే వరదకు నష్టపోయిన దుకాణదారునకు గడువు పొడిగించి మరల సరకు ఇయ్యగలడు. తెలివిగల ముందుచూపు లేని దయ ఎక్కువ కాలము సాగదు.

కొట్టివేసిన బాకీ ఒక్కొక్కప్పుడు తిరిగి వచ్చును. పైన చెప్పిన 20,000లో మరుసటి సంవత్సరము 5,000 వచ్చినచో, దానిని ఈనాటి బాకీదారుల ఖాతాలలో కలుపక, వసూలైన రాని బాకీలుగా నగదుకు డెబిట్, ఆ ఖాతాకు క్రెడిట్ వ్రాసి ఆదాయమున చూపవలెను. ఈ సందర్భమున మన సీమ మరువలేని బాకీ ఒకటి స్మరణకు వచ్చుచున్నది. నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ పరగణాకు తహశీల్దారై, ఖజానాకు చేరవలసిన సొమ్ముతో భద్రాద్రి రామునకు ఆలయము కట్టించిన కంచర్ల గోపన్న, తానీషా ఏలుబడిలో గోల్కొండ కోటలో బందీ యయ్యెను. ఆరు లక్షల వరహాలను రామలక్ష్మణులే వచ్చి చెల్లించి, తానీషా చేత రసీదు పుచ్చుకొని గోపన్న తల కింద ఉంచిరని భక్తజనుల నమ్మిక. ఆ కథను చెప్పుకొన్న మన పెద్దలు సొమ్ము చెల్లుటతో తృప్తి పడక, రసీదును కూడ కథలో నిలిపిరి. బాకీ తీర్చిన చేయి ఎవరిదైనను, తీరినట్లు సాక్ష్యము బాకీదారుని వద్దనే ఉండవలెనను న్యాయము వారికి బాగుగా తెలియును.

ఇచ్చట ఒక సందేహమునకు సమాధానము చెప్పవలసియున్నది. బాకీని పుస్తకమున కొట్టివేయుట దానిని క్షమించుటయేనా యని కొందరు వర్తకులు జంకుదురు. కాదు. న్యాయముగా రావలసియుండి, బాకీదారుని దుస్థితిచేత రానిది, పుస్తకమున కొట్టివేసినను హక్కుగా మిగిలియే యుండును. ఆ ఇంటికి మంచి కాలము వచ్చిన నాడు అడుగవచ్చును. కాని చట్టము రద్దు చేసినది, వడ్డీ హద్దు మీరి వ్రాసినది, ఫలసాయము రూపమున ఇదివరకే చెల్లినది, ఈ మూడును బాకీలే కావు. వాటిని మన పుస్తకమున కొట్టివేసి ఊరకుండిన చాలదు. బాకీదారునకు తెలియజెప్పి, అతని పేరున నున్న ప్రోనోటును తిరిగి ఇయ్యవలెను. ఈ రెండు విధముల కొట్టివేతలను వేరుచేసి చూడగలుగుటయే అడవి సీమలో లెక్కల విద్యకు పరీక్ష.

కావున ఈ ప్రాంతపు వర్తకులకును, సహకార సంఘముల కార్యదర్శులకును, వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులకును నా విన్నపము. మార్చి 31 రాకముందే ప్రతి బాకీదారుని ఖాతాను అతని ఎదుట చదివి వినిపింపుడు; చదువు రానివాడైనచో అతని ఇంటి పిల్లల చేత చదివింపుడు. తెలుగున స్పష్టముగా వ్రాసిన నకలు ఒకటి అతని చేతికిండు. అతడు తెచ్చిన ప్రతి బస్తా చింతపండుకును, ప్రతి డబ్బా తేనెకును జమ పడినదో లేదో అతనినే అడుగుడు. రానిది రానిదని వ్రాయుడు. సందేహమున్న చోట సందేహమును అంకెలలో చూపుడు. ఇట్లు చేసిన ఏట లాభము తక్కువగా కనబడవచ్చును. అయినను కనబడినంత లాభము నిజముగా మీది యగును, బాకీదారుడు మోయు భారము నిజముగా అతనిది మాత్రమే యగును. ఉద్దెర లేనిదే ఈ సీమలో వ్యవసాయము సాగదు, వ్యాపారము సాగదు. ఆ ఉద్దెర భయము మీద గాక నమ్మకము మీద నడువవలెనన్నచో, దానికి మొదటి మెట్టు ఇరువైపులవారును ఒకే విధముగా చదువగలిగిన సత్యమైన పుస్తకము. అట్టి పుస్తకమును వ్రాయుట ఈ సంవత్సరమే ఆరంభింపుడని కోరుచున్నాను.